187 పౌండ్ల 18 పెన్నీలు

నాకు జీతం తగ్గిందన్న సంగతి మా అమ్మకి ఎవరు చేరవేశారో ఇవాళ తెలిసింది. మా అత్తయ్యగారు. ఆవిడకి ఎవరు చెప్పారన్నది విచారించక్కర్లేదు, ఆ మనిషి పక్కగదిలో హాయిగా గురక పెడుతున్నాడు.

పొద్దున అమ్మ వీడియో కాల్ చేసింది. మనవడి బోసినవ్వులు అయ్యాయి, పుట్టువెంట్రుకలు ఎప్పుడు తీయిస్తారన్న చర్చ మళ్ళీ అయ్యింది. ఇక పెట్టేస్తుందనగా, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు, "ఈ నెల పంపొద్దులే అమ్మా, మా దగ్గర ఉన్నాయి" అంది. ఉన్నాయా! ఎక్కడున్నాయి? నాన్నకి వచ్చే ఈపీఎఫ్ పెన్షన్ వెయ్యి దాటి ఎంతో లేదు. మందుల షాపు బిల్లే దానికి రెండింతలు. "ఎవరేమన్నారు నీకు?" అన్నాను. "ఎవరూ ఏమీ అన్లేదు, మొన్న వదినగారు ఫోన్ చేశారు. అమ్మాయికి జీతం సగం కూడా రావట్లేదట కదా అని చాలా బాధపడ్డారు."

ఆవిడ నిజంగానే బాధపడి ఉంటారు. అందులో నాకు అనుమానం లేదు. కానీ నా జీతం మీద ఇద్దరు వియ్యపురాళ్ళు కూర్చుని బాధపడుతుంటే నాకు ఒళ్ళు మండింది.

సంగతి ఇదీ. వీడు 2025 జులైలో ఇక్కడ ఇంగ్లండ్‌లో పుట్టాడా, మెటర్నిటీ లీవులో మొదటి ఆరు వారాలు జీతంలో 90 శాతం వచ్చింది. బాలింత మత్తులో ఆ ఆరు వారాలూ ఎటు పోయాయో తెలీదు. తర్వాత 33 వారాలు ఎస్ఎంపీ (స్టాట్యుటరీ మెటర్నిటీ పే) అంటారు, చట్టప్రకారం ఇవ్వాల్సినంత మాత్రమే, వారానికి 187 పౌండ్ల 18 పెన్నీలు. ఆఫీసులో నాకన్నా రెట్టింపు జీతం ఉన్నావిడ లీవు పెట్టినా అంతే. కొన్ని కంపెనీలు పైన కొంత కలిపి ఇస్తాయి, మాది ఆ జాతి కాదు. నెలకి లెక్కేస్తే 811 వస్తుంది. మా అద్దె 1,450. ఆ 39 వారాలూ దాటాక ఇంకో 13 వారాలు ఇంట్లో ఉండొచ్చు, ఉత్తినే. హైదరాబాద్‌లో మా పిన్ని కూతురు 26 వారాలు పూర్తి జీతంతో ఇంట్లో ఉంది. 2017లో చట్టం మార్చినప్పటి నుంచి అక్కడ మొదటి ఇద్దరు పిల్లలకీ అంతే కదా. "అదేంటక్కా, లండన్‌లో ఇస్తారనుకున్నానే" అంటుంది. మేముండేది లండన్ కాదు, రెడింగ్ అని చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను. దాని బాధ దానిది లెండి. 27వ వారం మొదలయ్యేసరికి పిల్లని అమ్మ ఒళ్ళో పెట్టి ఆఫీసు బస్సెక్కింది. నాకు ఏడాది దాకా ఉద్యోగం ఎక్కడికీ పోదు.

ఒక్క మంచి ముక్క కూడా రాయాలి. జీతం పడిపోయిన మొదటి నెల పేస్లిప్‌లో టాక్స్ దగ్గర మైనస్ కనబడింది. ఏప్రిల్ నుంచి కట్టిన దాంట్లో యాభై పౌండ్ల లోపు వెనక్కి ఇచ్చారు. ఎవరో తప్పు చేసి ఉంటారని భయపడ్డాను, తర్వాత తెలిసింది అది అలాగే వస్తుందట. ఆ రోజు దోసెలు వేశాను.

ఇక మంట పుట్టించే ముక్కలు. పిల్లల తల్లుల గుంపులో ఒకావిడ, "చైల్డ్ బెనిఫిట్‌కి పెట్టావా? వారానికి 26 పౌండ్లు, ఫారం చాలా ఈజీ" అంటుంది. ఫారం ఈజీయే తల్లీ, మా వీసా మీదే పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే సాయాలు, ముట్టుకోకూడదని రాసుంది. ఎస్ఎంపీ ఆ కింద రాదు కాబట్టి ఇస్తున్నారు. వాడికి తొమ్మిది నెలలు నిండాక నర్సరీలో వేద్దామంటే, ఉద్యోగం చేసే తల్లిదండ్రులకి వారానికి 30 గంటలు ప్రభుత్వమే భరిస్తుందని మొన్న సెప్టెంబర్ నుంచి ఒకటే హడావుడి. అది కూడా మాకు లేదు, ఇద్దరమూ వీసా మీదే కాబట్టి. టాక్స్ కట్టేటప్పుడు మాత్రం మేము ఎవరికీ తీసిపోము. హెల్త్ సర్‌ఛార్జి అని ఏడాదికి మనిషికి 1,035 ముందే కట్టి వచ్చాం, పిల్లలకైతే 776. ఆవిడకి ఇదంతా చెప్తే "ఓ, అది చాలా అన్యాయం" అని తల పంకించి, తన కాఫీలో ఓట్ పాలు పోయించుకుంది. ఆవిడ తప్పేముంది. నేనే ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళి, పార్కు బెంచీ మీద తాగి మరీ లోపలికి వెళ్ళాను. మంటకి అది కూడా తోడయ్యిందేమో.

ఇంట్లో కోతలు పెద్దగా రాసేదేం లేదు. జిమ్ పోయింది, రెండు ఓటీటీలు పోయాయి, డైపర్లు చవక సూపర్‌మార్కెట్ ఆల్డీవి. పచ్చి కరివేపాకు కొనడం మానేసి ఫ్రీజర్‌ది వాడుతున్నాను, పోపులో వాసనే రావట్లేదు. ఇవన్నీ ఇద్దరం నవ్వుకుంటూనే కొట్టేశాం. ఆదివారం లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు ఎక్సెల్ షీట్లో ఇంకా రెండు గళ్ళు మిగిలాయి. వాళ్ళమ్మవాళ్ళకి నెలకి 20,000 రూపాయలు, మా అమ్మవాళ్ళకి 20,000. పెళ్ళయినప్పటి నుంచీ ఎవరి వాళ్ళకి ఎవరి జీతంలోంచి వాళ్ళం పంపుకుంటున్నాం. ఎవరూ ఎవరినీ అడిగింది లేదు.

"రెండు వైపులా సగం చేద్దామా?" అన్నాడు మా ఆయన.

అంతకన్నా న్యాయంగా ఎవరైనా ఏం అడుగుతారు? కానీ మామయ్యగారు గవర్నమెంట్ టీచరుగా రిటైరయ్యారు, పాత పెన్షన్. మేం పంపేది ఎప్పటికప్పుడు ఎఫ్‌డీలో వేస్తున్నారని నాకు తెలుసు, ఈయనకీ తెలుసు. మా ఇంట్లో ఆ 20,000 గ్యాసూ, కరెంటూ, నాన్న షుగర్ మందులూ. ఇక్కడ పది తగ్గితే ఎఫ్‌డీ తగ్గుతుంది, అక్కడ పది తగ్గితే కంచంలో తగ్గుతుంది. ఆ మాట అనలేదు. "ఆలోచిద్దాం" అన్నాను. ఆయన దాన్ని సరే అన్నట్టు తీసుకుని, వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పేశాడు.

చెప్పడం తప్పని కాదు. సగం పంపుతామని చెప్పాలంటే ఏదో కారణం చెప్పాలి కదా. "పిల్లాడు పుట్టాడు, ఖర్చులు పెరిగాయి" అంటే సరిపోయేదిగా? నా జీతం ఎందుకు మధ్యలో? పిల్లాడు ఇద్దరికీ పుట్టాడు, కబురు మాత్రం నా జీతం గురించి వెళ్ళింది.

సాయంత్రం వాడికి స్నానం చేయిస్తున్నప్పుడు అడిగేశాను. ఎఫ్‌డీ సంగతి కూడా అనేశాను. గొడవ పడతాడని సిద్ధంగా ఉన్నాను కూడా. కాసేపు టవలు పట్టుకుని నిలబడి, "నిజమే. మావాళ్ళకి కొన్నాళ్ళు ఆపేద్దాం. మీవాళ్ళకి మొత్తం పంపుదాం, నా అకౌంట్ నుంచి నేనే పెడతాలే" అన్నాడు.

నాకు కావలసింది అదే కదా? అప్పుడొచ్చిన కోపం ఆదివారం కూడా రాలేదు.

మా అమ్మ నెల నెలా అమ్మమ్మకి మనియార్డరు చేసేది. మాది తెనాలి, అమ్మమ్మ వాళ్ళది రేపల్లె అవతల పల్లెటూరు. నాన్న రైసుమిల్లులో గుమస్తా. జీతం తెచ్చి అమ్మ చేతికే ఇచ్చేవాడు, అందులో వంక పెట్టడానికి లేదు. అందులోంచి అమ్మ ఎవరికి ఎంత ఇచ్చినా అడిగే మనిషి కాదు. అయినా ఆ డబ్బు ముట్టుకునేది కాదు. చీరలకి ఫాల్స్ కుట్టేది, మెయిన్ రోడ్డు మీది టైలర్ దగ్గర జాకెట్లు తెచ్చుకుని హుక్సులూ కాజాలూ కుట్టి ఇచ్చేది. దాంట్లోంచి వంద. బడి నుంచి నన్ను తీసుకొస్తూ పోస్టాఫీసులో ఆగేది. వందకి కమీషన్ ఐదు రూపాయలు, ఇరవైకి ఒక రూపాయి చొప్పున. ఫారం నాతో నింపించేది, నా రాత బావుంటుందని. కింద సమాచారం రాసుకోడానికి చిన్న చోటు ఉంటుంది చూడండి, అక్కడ "అందరం క్షేమం, మందులు మానొద్దు" అని ప్రతిసారీ అదే. బయటికి రాగానే "నాన్నతో అనకు" అనేది. అన్నా నాన్న ఏమీ అనడని ఆ వయసులో నాకే తెలుసు, అమ్మకి తెలీదా?

డబ్బు అందాక అమ్మమ్మ వేలిముద్రతో రసీదు ముక్క వెనక్కి మా ఇంటికి వచ్చేది. పగటిపూట వచ్చేది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. బీరువాలో చీరల కింద పరిచిన పేపరు కిందకి వెళ్ళిపోయేది. ఒకరోజు మిల్లులో కరెంటు లేక నాన్న ఇంట్లో ఉన్నాడు. పోస్ట్‌మాన్ ఆ ముక్క ఆయన చేతికే ఇచ్చాడు. అమ్మ మొహం నాకింకా గుర్తే. నాన్న ఇటూ అటూ తిప్పి చూసి, "ఐదు రూపాయలు దండగ కదా. మీ తమ్ముడు వస్తూ పోతూనే ఉంటాడుగా, అతని చేతికిస్తే సరిపోదూ? ఇంకో యాభై కలిపి ఇవ్వు, నేనిస్తా" అన్నాడు.

అమ్మ "సరేనండి" అంది. తర్వాతి నెల మళ్ళీ పోస్టాఫీసుకే వెళ్ళాం. మళ్ళీ వందే. పంపేవారి చిరునామా దగ్గర మాత్రం టైలర్ షాపు అడ్రసు రాయించింది.

ఇదంతా ఈయన మీద రాద్దామని మొదలుపెట్టాను, చూస్తే ఇప్పుడు అమ్మ మీదకి మళ్ళింది కోపం. తన తల్లికి వంద పంపడానికి టైలర్ షాపు అడ్రసు దాకా వెళ్ళిన మనిషి, నన్ను మాత్రం అంత తేలిగ్గా "పంపొద్దులే" అంటుందా?

ఈయన మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఉండి పిల్లాణ్ణి చూసుకోవడం కూడా పనే, నా జీతంలో సగం నీదే అంటాడు. నిజమే. వేరే ఎవరైనా నా దగ్గరకొచ్చి ఇదే బాధ చెప్పుకుంటే నేనూ ఇదే మాట చెప్పి పంపిస్తాను. అద్దెకి, ఆల్డీకి, కొత్త స్వెట్టరుకి ఆ మాట నాకు బాగానే పనికొస్తోంది. ఆయన కార్డు గీకడానికి నాకేం మొహమాటం లేదు. అమ్మకి పంపే దగ్గరే ఆగిపోతున్నాను. ఎందుకో నన్నడగొద్దు.

అందుకే ఇందాక పాలు పట్టి పడుకోబెట్టాక కిట్ (కీపింగ్ ఇన్ టచ్) డేస్ గురించి చదువుతూ కూర్చున్నాను. లీవులో ఉండగానే ఎస్ఎంపీ పోకుండా పది రోజులు పని చేసుకోవచ్చు, కంపెనీ ఒప్పుకుంటే. ఒక్క గంట చేసినా ఒక రోజు కిందే లెక్క, అంచేత వెళ్తే పూర్తి రోజు వెళ్ళాలి. పౌండు 115 దాటింది కాబట్టి నా రోజు జీతం రూపాయల్లోకి మారిస్తే ఆ 20,000కి కాస్త అటూ ఇటూగా వస్తుంది. అంటే నెలకో రోజు వెళ్తే చాలు. చిక్కల్లా, ఆ వారం ఎస్ఎంపీని ఆ జీతంలో కలిపేసుకునే కంపెనీలు కూడా ఉన్నాయట. అలా కలిపేస్తే చేతికి వచ్చేది ఏమీ ఉండదు, దానికోసం అంత దూరం రైలెక్కడం ఎందుకు? మాదాంట్లో ఎలాగో హెచ్ఆర్‌ని అడగాలి. వీసాకి జీతం తక్కువైందంటారేమోనని కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే భయపడి ఒక మెయిల్ పెట్టాను, మెటర్నిటీ లీవుకి ఆ లెక్క వర్తించదని జవాబు రావడానికే వారం పట్టింది. ఈసారి ఎన్నాళ్ళో.

ఇంకో చిక్కు, ఆ రోజు వీణ్ణి ఎవరు చూడాలి? ఈయనకి సెలవులు మిగిలున్నాయి, అడిగితే పెడతాడు. "డబ్బులు నేనిస్తానంటే ఎందుకీ తిప్పలు" అని కూడా కచ్చితంగా అంటాడు. నాన్నలాగే, చాలా మర్యాదగా. అనుకోనీ.

ఈ నెలది నా సేవింగ్స్‌లోంచి ఇందాకే పంపేశాను, మొత్తం 20,000. అమ్మ పొద్దున మెసేజ్ చూసుకుని ఫోన్ చేసి తిడుతుంది. మనవణ్ణి ముందు పెట్టి కూర్చుంటాను, ఎంతసేపు తిడుతుందో చూద్దాం. హెచ్ఆర్‌కి మెయిల్ డ్రాఫ్ట్‌లో ఉంది. అందులో రెండు చోట్ల సారీ అని రాశాను, పొద్దున అవి తీసేసి పంపాలి.