ఎనిమిది బుట్టలు, రెండు బస్తాలు

ఆరింటి బస్సుకి ఆనందపురంలో దిగాను. మావయ్య బండి మీద వచ్చి మామిడి తోటకి తీసుకెళ్లారు. సింహాచలం చందనోత్సవం అయి పది రోజులైంది. సువర్ణరేఖ కోత దాదాపు అయిపోయింది, బంగినపల్లి ఇంకా చెట్ల మీదే ఉంది.

మార్చిలో నేనే నీడపట్టున, తల ఎత్తులో, పండు ఈగల్ని పట్టే ఎర బుట్టలు ఎనిమిది కట్టాను. ఒక్కోదాంట్లో మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర, పురుగుమందు కలిపి నానబెట్టిన చెక్కముక్క. ఆ వాసనకి పండు ఈగలు వచ్చి చస్తాయి. ప్రతి ఆదివారం కాగితం మీద దులిపి, లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తాను. పోయిన వారం మొత్తం 46. ఈరోజు 131. మళ్లీ లెక్కపెట్టినా అంతే. బుధవారం రాత్రి వాన పడింది. నిరుడూ వాన తరవాతే పెరిగాయి.

"అన్ని చచ్చాయంటే మంచిదేగా అల్లుడూ!" అన్నారు మావయ్య. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఈ ఎరకి వచ్చేవి మగ ఈగలే. కాయ తోలులోకి పొడిచి గుడ్లు పెట్టేది ఆడది, దానికి ఈ వాసనతో పని లేదు. బుట్టలో మగవి ఇన్ని పడ్డాయంటే తోటలో ఆడవీ బాగానే తిరుగుతున్నట్టు. మాటలతో లాభం లేదని రాలిన కాయ ఒకటి కోసి చూపించాను. పైన చిన్న నల్లచుక్క, లోపల టెంక దాకా తెల్ల పురుగులు. ఒకటి విల్లులా వంగి మావయ్య అరచేతిలోంచి చెంగున ఎగిరి కింద పడింది. ఆయన ఇంకేం అనలేదు, వెళ్లి బస్తాలు తెచ్చారు.

అత్తయ్య కూడా కొంగు బిగించి వచ్చారు. పదకొండింటి దాకా ఏరితే రెండు బస్తాలయ్యాయి. కాయని నేల మీద వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి, కొన్నాళ్లకి ఈగై లేస్తుంది. అందుకే రెండడుగుల లోతు గొయ్యి తీసి పూడ్చాం. చెమటకి కళ్లు మండిపోయాయి.

పక్క తోట ఆయన మందు కొట్టమన్నారు. కోతకొచ్చిన కాయ మీద మందా? మా అక్క పిల్లలు తినే కాయలవి. ముదిరిన బంగినపల్లి చెట్టు మీద ఉంచకుండా కోసేద్దామని మావయ్యకి గట్టిగా చెప్పాను. చెక్కముక్కలు మార్చి ఇంటికొచ్చేసరికి మూడైంది.

రాత్రి మావయ్య ఫోన్ చేశారు. "బావి దగ్గర చెట్టు కింద మళ్లీ ఆరు రాలాయిరా. ఏరేశాను."