రబ్ అంటే రుద్దుట అని రాసుకుని ఒక ఏడాది పోగొట్టుకున్నా

ఫ్రెండ్స్, మొన్న సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష) ఫైనల్ రిజల్ట్ వచ్చింది. లిస్టులో నా రోల్ నంబర్ ఉంది. నమ్మకం కుదరక పీడీఎఫ్ మూడుసార్లు మూసి తెరిచి చూసుకున్నా. మ్యాథ్స్, రీజనింగ్ గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. నేను ఇంగ్లీషు గురించే రాస్తా. నన్ను ముంచిందీ తేల్చిందీ అదే.

చదువంతా తెలుగు మీడియం. మొదటి అటెంప్ట్‌లో టైర్-1, అంటే మొదటి దశ పరీక్ష, రెండు మార్కుల లోపు తేడాతో పోయింది. ఆ పేపర్లో ఒక ఇడియం వచ్చింది: 'రబ్ ఆఫ్ ఆన్'. రబ్బరుతో రుద్దితే చెరిగిపోతుంది కదా అని, చెరిపేయడం అనే అర్థమున్న ఆప్షన్ నొక్కేశా. చెరిపేయడం రబ్ అవుట్. రబ్ ఆఫ్ ఆన్ అంటే పక్కవాడి గుణం మనకి అంటుకోవడం. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని అమ్మమ్మ అనేది, అదే ఇది. రావాల్సిన 2 మార్కులు రాలేదు, పైగా తప్పుకి 0.50 కోత. మొత్తం రెండున్నర. నార్మలైజేషన్ (వేర్వేరు షిఫ్టుల మార్కుల్ని సరిచేసే లెక్క) సంగతి పక్కన పెట్టి ఈ లెక్క ఎన్ని రాత్రులు వేసుకున్నానో!

తప్పు ఆ ప్రశ్నది కాదు, నా నోట్సుది. రబ్: రుద్దుట. స్క్రబ్: రుద్దుట. స్కౌర్: రుద్దుట. వైప్: తుడుచుట. మాప్: తుడుచుట. రోజుకి యాభై పదాలు ఇలా బట్టీ పట్టి టిక్కులు పెట్టుకునేవాణ్ని.

దిల్‌సుఖ్‌నగర్ రూమ్‌లో ఒక ఆదివారం అంట్ల వంతు నాది. పప్పు గిన్నె అడుగంటింది. చేత్తో రుద్దా, రాలేదు. ఇది రబ్. సబ్బు నీళ్లేసి పీచుతో బలంగా తోమా. ఇది స్క్రబ్. చివరికి స్టీలు పీచుతో గీకినట్టు తోమితే మాడు వదిలింది. స్కౌర్! గట్టు మీద తడిని గుడ్డతో ఒక్క ఊపున లాగేస్తే వైప్, నేల మీద ఒలికిన నీళ్లని గుడ్డకి పీల్పించి తీస్తే మాప్. రూమ్మేట్ కుళాయి కట్టమని అరిచేదాకా అక్కడే నిలబడ్డా.

అప్పటి నుంచి ప్రతి పదానికీ ఒక పని, దాని పక్కన మన మాట రాసుకున్నా. పోలీసులు అడవిని స్కౌర్ చేశారంటే జల్లెడ పట్టారని. వైప్ అవుట్ అంటే వరదకి పంట తుడిచిపెట్టుకుపోవడం. మాప్ అప్ అంటే మిగిలినది ఊడ్చేయడం, మెడికల్ కౌన్సెలింగ్‌లో మిగిలిన సీట్లకి పెట్టే మాప్-అప్ రౌండ్ లాగా. రబ్ ఇట్ ఇన్ అంటే జరిగిన తప్పుని పదే పదే దెప్పడం. ఒక్కచోట మాత్రం మన భాషే మోసం చేస్తుంది: 'నీ అభిప్రాయం నా మీద రుద్దకు' అంటాం కదా, అక్కడ రబ్ పెట్టారో, అయిపోయారు. అది ఇంపోజ్.

డ్రై సంగతి త్వరగా చెప్తా. మనం బట్టలు ఆరేస్తాం, మిరపకాయలు ఎండబెడతాం, ఇంగ్లీషుకి రెండూ డ్రైయే. డ్రై రన్ అంటే రిహార్సల్. స్టేజీ మీద మాట మర్చిపోతే డ్రై అప్. హై అండ్ డ్రై అంటే దిక్కులేకుండా వదిలేయడం. మనం నట్టేట వదిలేస్తాం, వాళ్లు నీళ్లు లేని ఒడ్డున వదిలేస్తారు!

ఇంకోటి. ఫోన్ పక్కన పెట్టండి. పొద్దున్నే లేవండి. నేను రెండేళ్లు ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. పొగరన్నారు. ఉద్యోగం లేనివాడు భోజనాల బంతిలో కూర్చుంటే ఏమేం అడుగుతారో మీకు తెలియదా? నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. చెల్లెలి నిశ్చితార్థానికి మాత్రం వెళ్లాల్సింది.

టైర్-2లో ఇంగ్లీషు 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకి 1 పోతుంది. ఈసారి తెలియనివి వదిలేశా, తెలిసినవి దాదాపు అన్నీ నిలబడ్డాయి.

నిన్న అమ్మ ఆ పాత నోట్సులో కాగితం చించి స్టవ్ తుడుస్తోంది. "వైప్" అన్నా. "జిడ్డు పోవట్లేదురా" అంది. "అయితే స్క్రబ్ చెయ్యాలమ్మా" అన్నా. పీచు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.