కారం తక్కువ సీసా

మా అమ్మ 2021 మే నెలలో తెనాలిలో పోయింది. మేమేమో అమెరికాలో, షార్లెట్‌లో. ఆ నెల 4 నుంచే ఇండియా నుంచి వచ్చేవాళ్ల మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. మాలాంటి హెచ్1బీ వీసా వాళ్లు వెళ్తే మళ్లీ ఎప్పటికి తిరిగొస్తామో తెలీదు. వెళ్లలేదు. పెద్దకర్మ తమ్ముడు ఫోన్‌లో చూపిస్తుంటే రాత్రి ఒంటిగంటకు సోఫాలో కూర్చుని చూశాను.

రెండు రోజుల తర్వాత వంటింట్లోకి వెళ్లేసరికి మా అమ్మాయి నేల మీద చతికిలబడి ఆవకాయ సీసాల మీది చీటీలు పీకుతోంది. అప్పుడు దానికి పదేళ్లు. ఆ చీటీలు అమ్మ తెల్ల టేపు మీద బాల్‌పెన్నుతో రాసి అంటించినవి. పక్కనే తెలుగు క్యాలెండర్లోంచి చింపిన మే నెల కాగితం, పార్సిల్‌కి చుట్టొచ్చిన నూలుగుడ్డ, నా దగ్గరున్న అమ్మ చీర నుంచి కత్తిరించిన అంచు.

గట్టిగా అరిచాను. అది మా అమ్మ చేతిరాత. ఇంకెక్కడ దొరుకుతుంది?

పిల్ల ఏడవలేదు. "అమ్మమ్మని చేస్తున్నా" అంది. అదీ తెలుగులో.

అమెజాన్ అట్టపెట్టె విప్పి పరిచిన అట్ట మీద చీర అంచు జుట్టు అయింది. క్యాలెండర్ కాగితం నుదురు, మధ్యలో ఎర్ర బొట్టు. ఆ పైన మూడు రెక్కల సీలింగ్ ఫ్యాను. కనుబొమల కింద ఏమీ లేదు, ఖాళీ అట్టే. కళ్లేవీ అని అడగబోయి ఆగిపోయాను. వీడియో కాల్‌లో అమ్మ ఫోను ఎప్పుడూ అలాగే పట్టుకునేది. "కాస్త పైకి కాదమ్మా, కిందికి దించు" అని నేను వారం వారం మొత్తుకునేదాన్ని. దీనికి తెలిసిన అమ్మమ్మ ఆ నుదురూ, ఆ ఫ్యానూ, సీసాలూ. రెండేళ్లకోసారి మూడు వారాలు.

ఇలా అతికించడం స్కూల్ ఆర్ట్ క్లాసులో నేర్చుకుందట. రొమేర్ బేర్డెన్ అనే నల్లజాతి చిత్రకారుడి బొమ్మలు టీచరు చూపించారట. ఆయన పుట్టింది మా షార్లెట్‌లోనే, 1911లో. ఊరి నడిబొడ్డున ఆయన పేరుతో పార్కు ఉంది, ఎన్నిసార్లో అక్కడ పాప్‌కార్న్ తిన్నాం, ఆయనెవరో కనుక్కోలేదు. పసితనంలోనే తల్లిదండ్రులు న్యూయార్క్ తీసుకెళ్లిపోయారు. 1963లో, నల్లవాళ్ల హక్కుల పోరాటం ఉధృతంగా ఉన్న రోజుల్లో, అక్కడి నల్లజాతి చిత్రకారులు కొందరు స్పైరల్ అనే బృందంగా చేరారు. అందరం కలిసి ఒక కొలాజ్, అంటే ముక్కలు అతికించిన బొమ్మ, చేద్దామన్నాడు బేర్డెన్. మిగతావాళ్లకి అంతగా పట్టలేదు. ఆయన మాత్రం పత్రికల్లోని బొమ్మలు కత్తిరిస్తూ కూర్చున్నాడు. అప్పటికి ఆయనకి యాభై ఏళ్లు దాటాయి. ఆ మొహాలు చూడండి: ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది, చేతులు మొహం కన్నా పెద్దవి. ఎప్పుడో వదిలొచ్చిన, షార్లెట్ ఉన్న మా మెక్లెన్‌బర్గ్ కౌంటీనే అందులో మళ్లీ మళ్లీ వస్తుంది. 1970లో గుడ్డముక్కలూ కాగితాలూ అతికించి చేసిన 'ప్యాచ్‌వర్క్ క్విల్ట్' న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో ఉంది. ఫోటో చూడగానే నాకు బొంత గుర్తొచ్చింది. మనం దాన్ని మడిచి మంచం కింద పెట్టేవాళ్లం.

మా అమ్మాయి బొమ్మ పని మూడు వారాలు సాగింది. బొమ్మ వేస్తే బాధ పోతుందని అందరూ అంటారు గానీ, మా ఇంట్లో ఎవరి బాధా పోలేదు. నాకు మాత్రం చేతికి పని దొరికింది. స్కూలు జిగురుతో క్యాలెండర్ కాగితం ముడతలు పడుతోందని మైదా ఉడికించి ఇచ్చాను. అది కూడా పల్చగా అయితే ముడతే, చిక్కగా ఉండాలి. కవరు అంటించడానికి అమ్మ అన్నం మెతుకు నలిపేదని చెబితే, పిల్ల ఫ్రిజ్‌లోంచి అన్నం గిన్నె తెచ్చింది. చివరి చీటీ దాంతోనే అంటించింది, తలకిందులుగా. దానికి తెలుగు చదవడం రాదు.

"ఏం రాసుంది?" అంది.

"చిన్నదానికి. కారం తక్కువ."

"చిన్నదంటే నేనా?"

అవునన్నాను. తిప్పి అంటిద్దామా అంటే అట్ట మీద చెయ్యి అడ్డం పెట్టింది.