భాకరాపేట ఘాట్ దిగిన అంబాసిడర్

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

మూడు వారాలుగా రేణిగుంట రోడ్డులోని షెడ్డులో చెక్క దిమ్మెల మీద నిలబడి ఉన్న నాన్నగారి అంబాసిడర్ ఈ రోజు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులతో తిరుపతి నుంచి పీలేరు వెళ్లే దారిలోని భాకరాపేట ఘాట్ ఎక్కి, దిగి, క్షేమంగా ఇల్లు చేరింది. చేతుల మీద గ్రీజు మరకలు సబ్బుకు కూడా పోలేదు. అయినా జరిగినది జరిగినట్టు రాసుకోకుండా పడుకోవాలనిపించలేదు.

ఇది 1988 నాటి మార్క్ 4 బండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు, నాలుగింటికీ కలిపి ఒకటే ఆయిల్ లైను. పోయిన వేసవిలో పీలేరు నుంచి వస్తుండగా, ఘాట్‌లో ఇంకా రెండు మూడు మలుపులు మిగిలి ఉన్నాయనగా పెడల్ మెత్తబడి నేలదాకా వెళ్లిపోయింది. గబగబా నాలుగుసార్లు తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు తగ్గించి, ఎలాగో బండిని పక్కకు ఆపాను. వెనక సీట్లో మా ఆవిడ, మా అత్తగారు మాట్లాడుకుంటూ ఉన్నారు. ఆ సంగతి వాళ్లకు ఇంటికి వచ్చాక గాని చెప్పలేదు. డ్రమ్ము బాగా వేడెక్కితే సాగి, లోపలి నుంచి దాన్ని ఒరుసుకుని ఆపే లైనర్లకు దూరమవుతుంది, లైనర్ల పట్టూ తగ్గుతుంది. దానికి తోడు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు గాని, తేమ పట్టిన ఆయిల్ 140 డిగ్రీల దగ్గరే మరిగి బుడగలు కడుతుంది, ఆ తరువాత మనం తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. ఆయిల్ ఎప్పుడు మార్పించానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి కొత్త సామాను కోసం వెతకడం కంటే పాత ఇనుములో మంచిదాన్ని ఏరుకోవడమే దారి అని మేస్త్రి చెప్పాడు. తరువాతి కాలపు అంబాసిడర్లకు ముందు చక్రాలకు డిస్కులు, వాక్యూమ్ బూస్టర్ వచ్చాయి. అలాంటి బండిని విప్పిన సామాను కోసం ఇద్దరం చెన్నైలోని పుదుపేటకు వెళ్లాము. అక్కడ ఒక గుట్టలో చక్రం కూర్చునే స్టబ్ యాక్సిల్‌తో సహా రెండు వైపుల సెట్టూ దొరికింది. ప్యాడ్లతో డిస్క్‌ను రెండు వైపులా నొక్కి పట్టేది కాలిపర్. ఎడమ వైపు కాలిపర్ పిస్టన్ మీద గోరు ఆనించి నెమ్మదిగా చుట్టూ తిప్పితే, సరిగ్గా రబ్బరు రింగు కూర్చునే చోట తుప్పు తిన్న గుంటలు గోటికి తగిలాయి. చూడడానికి మెరుస్తూనే ఉంది, చేతికి మాత్రం దొరికిపోయింది. దాన్ని పక్కన పెట్టి మరొకటి వెతికేసరికి మధ్యాహ్నం దాటింది. డిస్కుల మందాన్ని నాలుగైదు చోట్ల వెర్నియర్‌తో కొలిచి, ఇంకా లేత్ పట్టించేంత ఇనుము మిగిలి ఉందని నమ్మకం కుదిరాకనే డబ్బు ఇచ్చాను.

ఇనుము వరకే పాతది. కాలిపర్ కిట్లు, హోస్ పైపులు, ప్యాడ్లు, వెనక వీల్ సిలిండర్ల రబ్బర్లు అన్నీ కొత్తవే వేయించాను. "ఇనుము ముసలిదైనా మాట వింటాది సార్, రబ్బరు ముసలిదైతే వినదు" అన్నాడు మేస్త్రి. పిస్టన్ చుట్టూ ఉండే చదరపు అంచుల రింగును చేతిలో పెట్టుకుని చూసినప్పుడు ఆ మాట నాకు బాగా అర్థమైంది. బ్రేక్ తొక్కినప్పుడు ఆ రింగు పిస్టన్‌తో పాటు కొద్దిగా మెలిపడి, కాలు తీయగానే తన ఆకారానికి తాను వచ్చేస్తూ పిస్టన్‌ను వెంట్రుక వాసి వెనక్కు లాగుతుంది. ప్యాడ్‌ను డిస్క్ మీద నుంచి వదిలించడానికి అక్కడ వేరే స్ప్రింగ్ ఏదీ లేదు. అంత చిన్న రబ్బరు రింగు మీద పదకొండు వందల కిలోలు దాటిన బండి ఆధారపడి ఉంటుందని తెలిశాక, నేను దాన్ని పెట్రోలు గుడ్డ దరిదాపులకు కూడా పోనివ్వలేదు.

పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను లైన్లలోకి నెట్టే పాత మాస్టర్ సిలిండర్‌ను ఉంచుకోవచ్చు కదా అని మొదట అడిగినది నేనే. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్‌లో లైన్లలో కొంత ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచే వాల్వ్ ఉంటుందనీ, అది డిస్క్‌లకు పెడితే ప్యాడ్లు వదలకుండా రాసుకుంటూనే ఉంటాయనీ మేస్త్రి వివరించాడు. అందుకే బూస్టర్‌తో పాటు, ముందుకూ వెనక్కూ వేరువేరు లైన్లు ఉన్న జోడు సిలిండర్ వేశాము. ఒకటి కారిపోయినా రెండోది బండిని ఆపుతుందన్న ధైర్యం ఉంటుంది. బూస్టర్ నిలబడడానికి బ్రాకెట్ ఒకటి వెల్డింగ్ షాపులో కొత్తగా చేయించవలసి వచ్చింది.

ఈ ఉదయం డాట్ 3 కంటే ఎక్కువ వేడికి గాని మరగని డాట్ 4 ఆయిల్ పోసి, మాస్టర్ సిలిండర్‌కు అన్నింటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, ఒక్కొక్క చక్రం దగ్గరా ఆయిల్ లైనులో చిక్కిన గాలి తీశాము. నేను పెడల్ తొక్కి పట్టుకుంటే షెడ్డులోని పిల్లాడు నిపిల్ విప్పి, సీసాలో బుడగలు ఆగేదాకా చూసి బిగించేవాడు. ఇంజను ఆపి పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కి, అలాగే పట్టుకుని స్టార్ట్ చేస్తే, కాలి కింద పెడల్ ఒక్క పిసరు దిగింది. బూస్టర్ పని చేస్తోందన్న మాట.

మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాను. శ్రీనివాస మంగాపురం దాటేదాకా అంతా బాగానే ఉంది. రంగంపేట దగ్గరపడేసరికి న్యూట్రల్‌లో బండి తనంతట తాను సాగడం మానేసింది, ముందు నుంచి మాడు వాసన మొదలైంది. చింతచెట్టు నీడలో ఆపి చూస్తే ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. అక్కడ మేకలు కాస్తున్న అబ్బాయి పాపం నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాలిన డిస్క్ మీద నీళ్లు పడితే అది వంకర తిరిగే ప్రమాదం ఉందని చెప్పి, ఆ నీళ్లు మేము తాగాము.

కాస్త చల్లారాక జాకీ వేసి చక్రం తిప్పితే కదలలేదు. మేస్త్రి మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లను కొద్దిగా వదులు చేశాడు. చక్రం వెంటనే తేలికగా తిరిగింది. బూస్టర్ లోపలి పుష్ రాడ్ రవ్వంత పొడవు ఎక్కువై, మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను పూర్తిగా వెనక్కు రానివ్వడం లేదు. ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లవలసిన సన్నటి రంధ్రం మూసుకుపోయి, వేడికి పెరిగిన ఆయిల్ బయటికి దారి లేక ప్యాడ్లను తానే నొక్కుతోంది. రాడ్ కొసన ఉన్న స్క్రూను ఒక చుట్టు లోపలికి తిప్పి లాక్ చేశాడు. మూడు వారాల పని ఒక చుట్టు మరలో ఆగిపోయి ఉందని చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. షెడ్డు ముందు నాలుగు సార్లు తొక్కి చూసి సరేననుకుని ఉంటే, ఇది ఘాట్‌లోనే బయటపడేది.

ఆ తరువాత ఖాళీ రోడ్డు మీద యాభై వేగం నుంచి ఇరవైకి తగ్గిస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ పాతిక సార్లు ప్యాడ్లను అరగదీశాము. ఘాట్ ఎక్కి, పైన టీ తాగి, దిగడం మొదలుపెట్టాను. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్నది నాన్నగారి నియమం. బ్రేకులు మారాయని నేను దాన్ని మార్చుకోలేదు. పోయినసారి ఆగిన చోటికి వచ్చేసరికి అరిచేతులు చెమర్చాయి. పెడల్ పైనే పట్టింది, బండి ఏ పక్కకూ లాగకుండా నిటారుగా నెమ్మదించింది. మేస్త్రి ఏమీ అనలేదు, కిటికీ అద్దం దించుకుని వాసన మాత్రం చూశాడు.

ఇంటి ముందు ఆపాక మా ఆవిడ వచ్చి ముందు సీటులో కూర్చుని, "వచ్చే వారం పీలేరుకు అమ్మను చూడడానికి పోదామా?" అని అడిగింది. పోదామన్నాను. రేపు ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ మట్టం చూసి, హోస్ జాయింట్ల దగ్గర తడి ఉందేమో తెల్ల కాగితంతో తుడిచి చూడాలి.