రెండు మోటార్లు, ఒక వణుకు: నా అనుభవం

ఎనుమాముల మార్కెట్ దగ్గర్లో ఒక రైస్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. మొన్న యాసంగి వడ్లు ఆడిస్తున్నప్పుడు ఊక బ్లోయర్, తవుడు బ్లోయర్ రెండూ ఉన్న ఇనుప స్టాండ్ వణకడం మొదలైంది. ఆగకుండా వణికితే వేరు, ఇది వూం... అని పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. పక్కన పెట్టిన చాయ్ గ్లాసు కూడా అదే తాళంలో ఊగుతోంది. "బేరింగ్ పోయింది తమ్మీ" అన్నాడు మెకానిక్ అన్న. రెండు బేరింగులు మార్చాం, ఏమీ తగ్గలేదు.

అప్పుడు ఫోన్లో వణుకును కొలిచే ఫైఫాక్స్ యాప్ వేసుకుని, ఫోన్‌ని స్టాండ్‌కి టేపుతో గట్టిగా బిగించాను. రెండు సెకన్లు రికార్డు చేస్తే 24 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 24 సార్లు వణికే చోట, గ్రాఫులో ఒకటే లావు పీక్ (శిఖరం). మోటార్ల ప్లేట్ల మీద కూడా రెండింటికీ 1440 ఆర్‌పీఎం (నిమిషానికి 1440 చుట్లు) అనే ఉంది, అంటే సెకనుకు 24. సరిపోయిందనుకున్నాను, నా తప్పు అక్కడే. రెండు సెకన్ల రికార్డులో అర హెర్ట్జ్ కంటే దగ్గరున్న పీకులు విడిపోవు. ఇరవై సెకన్లు పెట్టి మళ్లీ చూస్తే 24.1 ఒకటి, 24.35 ఒకటి! తేడా 0.25, అంటే నాలుగు సెకన్లకోసారి రెండూ కలిసి పెరగాలి. గడియారం పట్టుకుని చూస్తే వూం సరిగ్గా అలాగే వస్తోంది.

ఇక ఏది ఎవరిది? ఒక మోటారు ఆపి చూడొచ్చు కానీ సీజన్‌లో సేటు ఒప్పుకోడు, అందుకే చుట్లు లెక్కపెట్టే టాకోమీటర్ అడిగి తెచ్చుకున్నాను. తవుడు బ్లోయర్ 1446, ఊకది 1461. ప్లేటు మీదున్నది ఫుల్ లోడ్ స్పీడు, లోడును బట్టి స్లిప్ (మోటారు లోపల తిరిగే అయస్కాంత క్షేత్రం కంటే షాఫ్టు ఎంత వెనకబడుతుందో అది) మారుతుంది, కాబట్టి ఒకే రకం మోటార్లు కూడా ఒకే స్పీడులో తిరగవు. పెద్ద పీక్ 24.1ది, అంటే తవుడుది, దానికి ఫ్యాన్ నేరుగా మోటారు షాఫ్టు మీదే ఉంది, కాబట్టి ఫ్యాన్ బరువు ఒక పక్కకు ఒరిగినా వణుకు అదే స్పీడులో కనబడుతుంది.

రాత్రి మిల్లు ఆపాక మూత విప్పితే రెక్కలకు తవుడు అట్టలు కట్టి ఉంది, అదీ ఒక పక్కనే ఎక్కువ. గీకి శుభ్రం చేశాం, పొద్దున చూస్తే ఆ పీక్ బాగా కిందికి దిగింది.

ఒక్కటి చెప్పాలి, నా ఫోన్ సెకనుకు 400 సార్లే కొలుస్తుంది, 200 హెర్ట్జ్ పైన దానికి కనబడదు. బేరింగ్ దెబ్బ మొదట్లో ఎక్కువగా ఆ పైనే తెలుస్తుంది కాబట్టి, బేరింగులు బాగున్నాయని ఫోన్ చూసి చెప్పలేను. ఇప్పుడూ స్టాండ్ మీద అరచెయ్యి పెడితే ఆ అల సన్నగా తగులుతూనే ఉంది, చాయ్ గ్లాసు మాత్రం ఊగట్లేదు.