ఫార్మాట్ కొట్టించే ముందు ఆ ఒక్క ఫైల్ చదవండి

"ఒరేయ్, లాప్‌టాప్‌లో చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయిరా, గంట నుంచీ ఇంతే" అని ఖమ్మం నుంచి అక్క ఫోన్ చేసింది. నేను ముందు అడిగింది కరెంటు పోయిందా అని. పోయిందట. రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంది, మధ్యలో కరెంటు పోయింది, ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఏడాదిగా చచ్చిపోయి ఉంది కాబట్టి ఉన్నపళంగా ఆగిపోయింది. పొద్దున ఆన్ చేస్తే 'ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్', కాసేపటికి 'డయాగ్నోజింగ్ యువర్ పీసీ', ఆ తర్వాత రిపేర్ చేయలేకపోయాం అంటూ నీలం తెర. రీస్టార్ట్ కొడితే మళ్లీ మొదటికే.

దగ్గర్లో ఒక షాపుకి తీసుకెళ్తే రెండు నిమిషాలు చూసి "ఫార్మాట్ చేయాలి మేడమ్, డేటా రాదు" అన్నారట. అక్క గవర్నమెంటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆరేళ్ల ప్రశ్నపత్రాలు, నోట్సు, పోయినేడు మమ్మల్ని వదిలి వెళ్లిపోయిన అమ్మమ్మ వీడియోలు, అన్నీ అందులోనే ఉన్నాయి. డేటా రాదు అన్న మాట వినగానే నాకు కోపం వచ్చింది, ఎందుకంటే విండోస్ లేవకపోవడం వేరు, డిస్కు పోవడం వేరు, ఈ రెండూ ఒకటే అనుకుని ఎంతమంది తమ ఫొటోలు పోగొట్టుకున్నారో నేను చూశాను. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దక్కా అని చెప్పి శనివారం పొద్దున్నే బస్సెక్కాను.

ఆ నీలం తెర మీద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్, అంటే టైప్ చేసి ఆదేశాలిచ్చే నల్ల తెర. అక్కడికి వెళ్లగానే బిట్‌లాకర్, అంటే డిస్కును లాక్ చేసే విండోస్ ఫీచర్, దాని రికవరీ కీ అడిగింది. అక్క ఎప్పుడూ బిట్‌లాకర్ పెట్టుకోలేదు, కానీ ఈమధ్య వచ్చే లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలావాటిలో డిస్కు దానంతటదే లాక్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లోనే సేవ్ అవుతుంది. ఫోన్‌లో అకౌంట్ తెరిచి, తెర మీద చూపించిన కీ ఐడీతో సరిపోయే కీ వెతికి, అక్క దాన్ని కాగితం మీద రాసింది. 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది ముక్కలు. కొడితే తీసుకోలేదు. ప్రతి ఆరంకెల ముక్కా 11తో నిశ్శేషంగా భాగించబడాలక్కా అన్నాను. అక్క పెన్ను తీసుకుని, ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడి, తీసేసి, ఐదో ముక్క దగ్గర ఆగింది. అక్కడ 7ని 1గా రాసుకుంది. సరిచేసి కొడితే తెరుచుకుంది.

రిపేర్ సంగతి తర్వాత, ముందు ఫైల్స్ బయటికి తీయాలి. ఈ క్రమం మాత్రం తప్పకండి. కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని కొడితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది, ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే డిస్కులో ఉన్నదంతా కనిపిస్తుంది. అక్కడే కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ కూడా చేయొచ్చు, కానీ ఎంత అయిందో చూపించదు, హ్యాంగ్ అయినట్టే ఉంటుంది. అందుకే పెద్ద ఫోల్డర్లకు, కాపీ అవుతున్న ఫైళ్లను చూపించే రోబోకాపీ కమాండ్ వాడాను. అమ్మమ్మ ఫోల్డర్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి ఒక్కో ఫైల్ పేరుతో ఎక్కుతుంటే అక్క కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది, అయ్యేదాకా లేవలేదు.

ఇప్పుడు అసలు ఫైల్. స్టార్టప్ రిపేర్, అంటే మొదట్లో తెర మీద కనిపించిన ఆ ఆటోమేటిక్ రిపేర్, ఓడిపోయిన ప్రతిసారీ తనకు ఏం కనిపించిందో రాసిపెడుతుంది. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో లాగ్‌ఫైల్స్, అందులో ఎస్‌ఆర్‌టీ, దాంట్లో ఎస్‌ఆర్‌టీ ట్రయిల్ అనే టెక్స్ట్ ఫైల్. అదే నోట్‌ప్యాడ్‌తో చదవొచ్చు. ఒక్క జాగ్రత్త, ఈ రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు, అక్క లాప్‌టాప్‌లో విండోస్ ఉన్నది 'డి'లో కనిపించింది. ఎక్స్ అని కనిపించేది రికవరీ తనకోసం మెమరీలో తెరుచుకున్న డ్రైవ్, మన డేటా కాదు. లాగ్‌లో వరసగా ఒక్కో టెస్టు, ఎర్రర్ కోడ్ సున్నా, సున్నా, సున్నా అని వచ్చి చివర్లో ఒక వాక్యం ఉంది. ఒక ప్యాచ్ (అప్‌డేట్) వల్ల సిస్టమ్ స్టార్ట్ కావడం లేదని. అంటే ఆ రాత్రి సగంలో ఆగిన అప్‌డేటే.

అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఆప్షన్ ముందు ప్రయత్నించాను, కుదరలేదు. అప్పుడు విండోస్‌ను బయటి నుంచి సరిచేసే డిజమ్ కమాండ్‌కు ఇమేజ్‌గా ఆ 'డి' డ్రైవ్‌ను చూపించి, క్లీనప్ ఇమేజ్, రివర్ట్ పెండింగ్ యాక్షన్స్ ఇచ్చాను. సగంలో ఉన్న అప్‌డేట్ పనులను వెనక్కి తీసేది ఇదే, లేవని విండోస్ మీద ఇలా రికవరీలోంచే వాడాలి. రీస్టార్ట్ చేశాక చాలాసేపు చుక్కలే తిరిగాయి. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కొద్దు, ఈసారి అది నిజంగానే పనిచేస్తోంది. దాదాపు అరగంటకు లాగిన్ తెర వచ్చింది.

మీ లాగ్‌లో వేరే మాట ఉంటే దారి కూడా వేరే. విండోస్‌ను లేపే బూట్ ఫైల్స్ పాడైతే, బూట్‌రెక్ అనే కమాండ్‌తో ఫిక్స్‌బూట్ కొట్టి యాక్సెస్ డినైడ్ అని చూసి ఆగిపోకండి, డిస్కు భాగాలను చూసుకునే డిస్క్‌పార్ట్ కమాండ్‌లో, బూట్ ఫైల్స్ ఉండే చిన్న ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైల్స్ మళ్లీ రాయించండి. బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగులు) రీసెట్ అయి, డిస్కుతో మాట్లాడే స్టోరేజ్ మోడ్ మారినా ఇదే లూప్ వస్తుంది, దాన్ని పాతదానికి మారిస్తే సరిపోతుంది. డిస్కు మీదే అనుమానం ఉంటే కాపీ అంతా పూర్తయ్యాకే డిస్కును పరీక్షించే చెక్‌డిస్క్ కమాండ్, ముందు కాదు, ఎందుకంటే పోతున్న డిస్కును అది ఇంకా శ్రమపెడుతుంది. ట్రబుల్‌షూట్‌లోని రీసెట్‌లో 'కీప్ మై ఫైల్స్' కూడా మన ఫైల్స్‌ను ఉంచుతుంది కానీ మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్లను తీసేస్తుంది, అది ఆఖరి మెట్టు.

సాయంత్రం కొత్త బ్యాటరీ వేయించి, ఛార్జర్ పెట్టి, అదే అప్‌డేట్ మళ్లీ నడిపాం, ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కింది. 48 అంకెలు రాసిన కాగితాన్ని అక్క ప్లాస్టిక్ కవర్లో పెట్టి, హార్డ్ డిస్కుతో పాటు బీరువాలో, పాస్‌బుక్కుల పక్కన పెట్టింది. తర్వాత లాప్‌టాప్‌ను హాల్లోకి తెచ్చి అమ్మమ్మ వీడియో ఒకటి పెట్టింది. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడే చూసింది.