తడిగోడ సైక్లోన్‌తో వరి పొలం గాలి పట్టడం: ఇప్పటిదాకా జరిగిన పని

తెనాలి దగ్గర మా బాబాయి సాంబ మసూరి వేస్తాడు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204 అది. అన్నానికి ఎంత మంచిదో అగ్గి తెగులుకు అంత లొంగిపోతుంది. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు కనిపించేసరికే తెగులు పొలంలో స్థిరపడి ఉంటుంది. మచ్చకు ముందు గాలిలో దాని సిద్ధబీజాలు (స్పోర్లు) ఉండాలి కదా, వాటిని పట్టి లెక్కపెట్టాలన్నది నా ఆశ. అందుకే ఈ సైక్లోన్ (గాలిని సుడి తిప్పి రేణువులను వేరుచేసే పరికరం) కట్టాను.

పనిచేసే పద్ధతి చిన్నదే. చిన్న గాజు గొట్టంలోకి గాలి పక్కనుంచి, గోడను రాసుకుంటూ దూరి సుడి తిరుగుతుంది. బరువైన రేణువులు గోడకు కొట్టుకుంటాయి. గోడ మీద పల్చటి నీటి పొర ఉంటే అందులో చిక్కుతాయి, శుభ్రమైన గాలి మధ్య గొట్టంలోంచి పైకి పోతుంది. అడుగున సీసాలో 10 మి.లీ. నీళ్లు పోస్తే, కవ్వం తిప్పినప్పుడు మజ్జిగ కుండ అంచుకు ఎగబాకినట్టు, గాలి సుడే వాటిని గోడ మీదికి ఎక్కిస్తుంది.

నాది 30 మి.మీ. వ్యాసం, గాలి దారి 8 × 14 మి.మీ. నిమిషానికి 100 లీటర్లు లాగితే ఆ దారిలో వేగం సెకనుకు 15 మీటర్లు వస్తుంది. సూత్రం ప్రకారం రెండు మైక్రాన్ల లోపు రేణువులను కూడా సగం దాకా పట్టాలి. అగ్గి తెగులు సిద్ధబీజం పొడవు 20 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి ఆ వైపు టెన్షన్ లేదు.

మే నెల: నీటి పొర

మొదటి బాడీ త్రీడీ ప్రింటర్‌లో పెట్‌జీ అనే ప్లాస్టిక్‌తో తీశాను. గాలి బాగానే తిరిగింది కానీ నీళ్లు పొరగా పరుచుకోలేదు, పాయలు పాయలుగా పారాయి. పాయల మధ్య గోడ పొడిగా ఉంటే అక్కడ తగిలిన రేణువు అక్కడే ఉండిపోతుంది. పైగా ప్రింటు గీతల్లో మురికి ఇరుక్కుంటే ఎంత కడిగినా రాదు. అందుకని హైదరాబాదులో ల్యాబు గాజుసామాను ఊదే కార్ఖానాలో అదే కొలతలతో గాజు బాడీ చేయించాను. గాజు నీటిని పట్టుకుంటుంది, పైగా లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది. ఈ రెండో లాభం చాలా పెద్దది. ఇలాంటిది కట్టేవాళ్లు ఖర్చయినా గాజుకే వెళ్లమంటాను.

నీళ్లలో సబ్బులా పనిచేసే ట్వీన్ 80 అతి కొద్దిగా, 0.01 శాతం కలుపుతున్నాను. అంతకు మించితే నురగ లేచి మధ్య గొట్టంలోంచి బయటికి పోతుంది. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వాటరే. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసేది మంచి కంపెనీదైతే సరిపోతుంది. మా బోరు నీళ్లు వాడితే ఆరినప్పుడు గాజు మీద తెల్లటి ఉప్పు కడుతుంది, ఆ మరక మీద పొర మళ్లీ చీలిపోతుంది.

ఇక ఆవిరి. ఎండ మండే మధ్యాహ్నం పది నిమిషాలు నడిపితే దాదాపు 4 మి.లీ. పోయాయి. గాలి పొడిగా ఉన్నకొద్దీ ఇది పెరుగుతుంది. అడుగున నీళ్లు తగ్గితే పొర ముందు పైభాగంలో ఆరుతుంది, రేణువులు ఎక్కువగా తగిలేదీ అక్కడే. కాబట్టి గాలి దారి కిందుగా ఒక సన్నని సూది దింపి, రోలరుతో ట్యూబును నొక్కి నీరు తోసే చిన్న పెరిస్టాల్టిక్ పంపుతో పోయినంత నీరు తిరిగి ఇస్తున్నాను. ఎంత పోయిందో తూకం చెబుతుంది: సీసాను ముందు, తరవాత 0.01 గ్రాముల కాటా మీద పెడితే చాలు, గ్రాముకు మిల్లీలీటరు. పంపు ఇచ్చే నీటిని కూడా ఇలాగే తూస్తాను. సిలికాన్ ట్యూబు రోలరు కింద నలిగి నలిగి చప్పబడుతుంది, అప్పుడు నీరు తక్కువ వస్తుంది. అందుకే ట్యూబును కొంచెం పొడవుగా ఉంచి, నలిగిన భాగాన్ని ముందుకు జరుపుతూ వాడుతున్నాను.

జూలై: నీళ్లు బయటికి పోవడం

గాలి పెంచినప్పుడు నీళ్లు మూత లోపలి వైపు పాకి, మధ్య గొట్టం బయటి గోడ మీదుగా దిగి, దాని అంచు నుంచి లోపలికి పీల్చుకుపోతున్నాయి. గాజు కాబట్టి దారి మొత్తం చూడగలిగాను. మధ్య గొట్టానికి చివర్లో గొడుగులాంటి చిన్న అంచు అతికించాను. దిగే నీరు ఆ అంచు దగ్గర ఆగి, సుడికి చిక్కి మళ్లీ గోడకు పోతోంది. అయినా సైక్లోన్‌కూ బ్లోయర్‌కూ మధ్య ఒక ఖాళీ సీసా తప్పకుండా పెట్టాను. తప్పించుకున్న చుక్కలు అందులో పడితే మోటారు బతుకుతుంది, ఎంత పోయిందో కూడా తెలుస్తుంది.

సెప్టెంబరు: గాలి కొలత

ఇక్కడ కంప్యూటర్ ఫ్యాను పనికిరాదు. సుడి తిప్పడానికి 90–100 మి.మీ. నీటి మట్టమంత ఒత్తిడి కావాలి, ఫ్యాను అంత లాగలేదు. 12 వోల్టుల బ్రష్‌లెస్ బ్లోయర్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాను. ఈ బ్యాటరీ చివరిదాకా వోల్టేజీ పెద్దగా పడనివ్వదు, గాలి నిలకడగా ఉంటుంది.

గాలి ఎంతో తెలుసుకోవడానికి 60 సెం.మీ. వెడల్పు పాలిథిన్ గొట్టం కొన్నాను. ఉబ్బితే మీటరు పొడవుకు సుమారు 115 లీటర్లు. ఒక కొస కట్టేసి బ్లోయర్ బయటి మూతికి తగిలించి, నిండడానికి పట్టే సమయం చూస్తాను. కొసలు ముడుచుకునే చోట కొంత తగ్గుతుంది కాబట్టి నాలుగు మీటర్ల ముక్క తీసుకుంటే తేడా చిన్నదవుతుంది. పొలంలో ఇది కుదరదు. అక్కడికి పారదర్శక ట్యూబును యూ ఆకారంలో వంచి రంగునీళ్లు పోసిన మానోమీటరు, అంటే ఒత్తిడి కొలిచే సాధనం, ఉంది. 100 లీటర్ల దగ్గర అది 95 మి.మీ. చూపిస్తుంది. ఒత్తిడి గాలి పరిమాణపు వర్గంతో (స్క్వేర్‌తో) మారుతుంది కాబట్టి 77కు పడితే గాలి 90 లీటర్లకు తగ్గినట్టు. ఈ కొలతలు లోపల నీళ్లు ఉన్నప్పుడే తీయాలి, పొడి సైక్లోన్ వేరే అంకె చూపిస్తుంది.

అక్టోబరు: లెక్కపెట్టడం

పది నిమిషాలకు ఒక ఘనపు మీటరు గాలి. అందులో 300 సిద్ధబీజాలు ఉన్నాయనుకుందాం. 10 మి.లీ. నీటిలో కలిస్తే మిల్లీలీటరుకు 30. కణాలు లెక్కపెట్టే గళ్ల స్లైడు హీమోసైటోమీటరులో తొమ్మిది పెద్ద గళ్లు కలిపి చూసేది 0.9 మైక్రోలీటరే, అంటే ముప్పై నలభై సార్లు నింపితే ఒకటి కనబడొచ్చు. కాబట్టి చేతితో తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో వేసి, పై నీటిని పిపెట్‌తో నెమ్మదిగా తీసి, 0.2 మి.లీ.కి కుదిస్తున్నాను. అందులోంచి 20 మైక్రోలీటర్ల చుక్కను కవర్ స్లిప్ కింద మొత్తం చూస్తే సుమారు 30 రావాలి. కుదించడంలో కొన్ని పోతాయి, కాబట్టి నా అంకెలను ఒక రాత్రితో ఇంకో రాత్రిని పోల్చడానికే వాడతాను.

సమయం చాలా ముఖ్యం. ఈ సిద్ధబీజాలు నీటిలో పడ్డాక రెండు మూడు గంటల్లోనే మొలకెత్తడం మొదలుపెడతాయి. అందుకే నమూనా వెంటనే ఐస్ పెట్టెలోకి పోతుంది, లేదా అందులో లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు పడుతుంది. రంగు వేస్తే చూడటమూ సులువే: ఒక కొస లావు, ఇంకో కొస సన్నం, మధ్యలో రెండు అడ్డగోడలు, మూడు గదులు. అయితే గట్టు మీది గడ్డికి వచ్చే పిరిక్యులేరియా శిలీంధ్రపు సిద్ధబీజం కూడా మైక్రోస్కోపులో అచ్చం ఇలాగే ఉంటుంది. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో, ఆ వైపు గట్టు మీద ఏ గడ్డి ఉందో రాసుకోకుండా అంకె ఒక్కటే రాస్తే లాభం లేదు.

నవంబరు: పొలంలో

ఈ సిద్ధబీజాలు ఎక్కువగా విడుదలయ్యేది తెల్లవారుజామున, ఆకులు మంచుతో తడిసి ఉన్నప్పుడు. ఆ వేళకు గాలిలో తేమ నిండుగా ఉండటంతో ఆవిరి నష్టం అర మి.లీ. కూడా లేదు, పంపు దాదాపు ఆపేశాను. మేలో పెట్టిన వేగంతో వదిలేస్తే సీసా పొంగేది. పంపు వేగాన్ని ప్రతిసారీ ఆనాటి తేమను బట్టి పెట్టుకోవాల్సిందే.

ఇంకొకటి పురుగులు. సుడిదోమలు వెలుగుకు వస్తాయి. బ్లోయర్‌ను నడిపే సర్క్యూట్ మీది చిన్న ఎల్ఈడీకి కూడా వచ్చాయి. దాని మీద నల్ల టేపు వేసి, మూతికి మిల్లీమీటరు కన్నాల స్టీలు జాలీ బిగించాను. జాలీ తడిసి మూసుకుంటే మానోమీటరు చెప్పేస్తుంది.

“ఏరా, నీళ్లలో కనబడింది సరే, మందు కొట్టాలా వద్దా?” అని బాబాయి అడిగాడు. ఒక పంటకాలం అంకెలతో ఆ మాట చెప్పలేనని చెప్పాను. మచ్చలు ఏ రోజు ఎక్కడ కనిపించాయో ఆయన రాసిపెడుతున్నాడు, ఆ పుస్తకం లేకపోతే నా అంకెలకు అర్థం లేదు.

ప్రతి నమూనా తరవాత 3 మి.లీ. నీటితో గోడ కడిగి అదే సీసాలో కలుపుతాను. ఇంటికి వచ్చాక పలచటి బ్లీచింగ్ ద్రావణం, తరవాత డిస్టిల్డ్ వాటర్‌తో మూడు నాలుగు సార్లు కడుగుడు, ఆపైన మూతికి హెపా ఫిల్టర్ తగిలించి ఆరేదాకా బ్లోయర్. తడిగా మూటకడితే ట్యూబుల్లో జిగురు పడుతుంది. మళ్లీ బయలుదేరే ముందు అదే ఫిల్టర్ పెట్టి ఒక ఖాళీ నమూనా తీస్తాను. అందులో సిద్ధబీజాలు కనబడితే ఆ రాత్రి పొలానికి పోవడం లేదు, మళ్లీ కడగడమే.

దాళ్వాకు నీళ్లు వదిలితే ఇంకో పని ఉంది. సైక్లోన్ పక్కనే, అదే ఎత్తులో, వాజలీన్ పూసిన స్లైడు కట్టి రెండింటి ఫలితం పోల్చాలి. స్లైడు బిగించే క్లాంపు కొలతలు తీసుకున్నాను, రేకు ముక్క కోయించాలి.